జపాను చిత్రకథలందు వీరనారుల పురుషవేషము

మా పాఠశాల వార్షికోత్సవమునకై రెండేండ్ల క్రిందట రుద్రమదేవి నాటకము నాడించితిమి. రుద్రమ పాత్రకు తొమ్మిదవ తరగతి బాలిక నొకతె నెన్నుకొంటిమి. మంచి కంఠము గలది. పద్యము తప్పులేక చదువగలది. కత్తి పట్టి నిలిచిన తీరు చూడముచ్చటగ నుండెను. నాటకమునాటి సాయంకాలము మేమే కాటుకపుల్ల చేతబట్టి యామె పైపెదవిమీద సన్నని మీసము దిద్దితిమి. బాలిక అద్దములో చూచుకొని, "సింహాసనం ఎక్కిన తర్వాత కూడా ఈ మీసం ఉండాలా మాస్టారూ?" అని యడిగెను. "ఉండాలమ్మా, చూసేవాళ్ళకి రాజు కనపడొద్దూ!" అంటిమి. ఆమె మఱుమాటాడలేదు. నాటకము రక్తికట్టెను; చప్పట్లు మ్రోగెను. పది దినములు గడచినపిమ్మట నా బాలికయే యొక లావుపాటి పుస్తకము తెచ్చి మా బల్లమీద పెట్టి, "ఇందులో కూడా అలాగే మాస్టారూ, కాని మీసం లేదు" అని చెప్పి పోయెను.

అది రియోకో ఇకెదా యను జపాను రచయిత్రి స్వయముగ గీసి వ్రాసిన "వెర్సాయి గులాబి" యను చిత్రకథకు ఇంగ్లీషు అనువాదము. చిత్రకథ లనిన పిల్లలు సెలవుదినములలో తిరుగవేయు పుస్తకములని యంతవఱకు తలచుచుంటిమి. కాళిదాసును షేక్స్పియరును పాఠము చెప్పుకొని బ్రదుకువారికి బొమ్మల పుస్తకముపై గౌరవము కలుగుట సులభము కాదు. ఐనను ఆ బాలిక మాట మనసులో ముల్లువలె నుండుటచే తెఱచి చూచితిమి. చూచిన పిమ్మట మూసివేయలేకపోతిమి. దానివెంట మఱికొన్ని చదివితిమి. చరిత్రప్రసిద్ధులైన స్త్రీలను, చరిత్రమధ్యమున నిలిపిన కల్పితస్త్రీలను ఈ చిత్రకథాకారులు ఏ వేషమున, ఏ పేరున, ఏ మాటతీరున చూపుచున్నారను విషయమే యీ వ్యాసమునకు వస్తువు.

జపానులో చిత్రకథను "మాంగా" యందురు. అవి వారపత్రికలలోను మాసపత్రికలలోను ధారావాహికముగ వెలువడి, తరువాత సంపుటములగును. బాలికలకు వేఱుగ పత్రికలు, వేఱుగ చిత్రశైలి యేర్పడినవి. మొదట నీ బాలికల చిత్రకథలను ఎక్కువగ పురుషులే గీసిరి. 1970 ప్రాంతములనుండి స్త్రీలు ఆ కలమును తమ చేతిలోనికి తీసికొనిరి. ఈ మార్పు వీరాంగనల వేషములోనే స్పష్టముగ కనబడుచున్నది.

పురుషుడు గీసిన వీరాంగనకు ముఖ్యోదాహరణము ఒసాము తెజుకా "రిబ్బను వీరుడు". ఇది 1953 మొదలు 1956 వఱకు ఒక బాలికల పత్రికలో వచ్చినది. కథ చరిత్ర కాదు, కట్టుకథయే. కాని తరువాతి కథలన్నిటికిని ఇది అవ్వ వంటిది గనుక చెప్పక తప్పదు. సఫైరను రాకుమారి పుట్టుకముందు స్వర్గములో నొక కొంటె దేవదూత ఆమెచే మగపిల్లవాని హృదయము మ్రింగించును. పిదప దేవుడు ఆడుపిల్ల హృదయ మిచ్చును. ఆ రాజ్యమున ఆడుదానికి సింహాసనము లేదు. కావున ఆమె లోకమునకు రాకుమారుడై, చాటున రాకుమారియై పెరుగును. తెజుకా బాల్యము గడచినది తకరజుకా పట్టణమున. అచ్చట 1914 నుండి స్త్రీలే స్త్రీపాత్రలను పురుషపాత్రలను గూడ ధరించు నాటకసమాజము ప్రదర్శనము లిచ్చుచున్నది. పురుషవేషము వేసిన స్త్రీ రంగస్థలముపై నిలుచు ఆ ఠీవియే సఫైరుకు వచ్చినది. ఎంత ముద్దుగ గీసినను ఇందొక మెలిక యున్నది. సఫైరు శరీరమునుండి మగహృదయము తొలగినంతనే యామె చేతిలోని కత్తి సడలును, బలము పోవును. అనగా ధైర్యము ఆమెది కాదు. పొరపాటున లోపల పడిన మగవానిది! తుదకు పెండ్లితో కథ ముగియును. షేక్స్పియరు రోజలిండును అంతే గదా: అడవిలో నున్నంతకాలము మగవేషము, వివాహమంటపమున స్త్రీవేషము. వేషము సెలవుదినముల వంటిది. సెలవు తీరగనే యిల్లు చేరవలెను.

ఈ కథ వ్రాయుటకు కొంచెము ముందే, 1946లో, జపాను స్త్రీలు మొట్టమొదట ఓటు వేసిరి. 1947 మే నెలలో అమలునకు వచ్చిన రాజ్యాంగము స్త్రీపురుషులకు సమానత్వము చాటినది. ఆనాడే అమలునకు వచ్చిన రాజకుటుంబ శాసనము మాత్రము సింహాసనము పురుషసంతతిలోని పురుషునకే యని నిర్ణయించినది. ఆ నియమము నేటికిని మారలేదు. పూర్వము జపానులో ఎనమండుగురు స్త్రీలు చక్రవర్తిపీఠ మెక్కిరి; వారిలో నిద్దఱు రెండేసిమాఱు లెక్కిరి; కడపటి యామె 18వ శతాబ్దియందే యుండెను. చదువరులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో, రాకుమారి మగవేషము వేయుట యను కథ ఆ దేశపు బాలికల కేల రుచించెనో తెలియును.

ఇక "వెర్సాయి గులాబి". ఇది 1972, 1973 సంవత్సరములలో "మార్గరెట్" అను వారపత్రికలో వచ్చినది. ఇకెదా 1947లో జన్మించినది. విద్యార్థిదశలో స్టెఫాన్ జ్వైగు వ్రాసిన మేరీ ఆంట్వానెట్టు జీవితచరిత్రము చదివి, ఆ రాణికథను బొమ్మలలో చెప్పవలెనని తలచినదట. రాణి నాయికగనే కథ మొదలగును. ఆమెకు అంగరక్షకదళ నాయకుడుగ ఒక కల్పితపాత్రను నిలిపినది. ఆస్కార్ ఫ్రాంస్వా ద జార్జాయి. సేనాని యొకనికి వరుసగ ఆడుపిల్లలే పుట్టగా, కడపటి పిల్లను "వీడు నా కొడుకు" అని పేరు పెట్టి, కత్తిసాము నేర్పి, సైన్యములో చేర్చెను. ధర్మశాస్త్రములు చదివినవారికి ఇచ్చట "పుత్రిక" యను మాట స్ఫురింపక మానదు. కొడుకులు లేని తండ్రి కూతునే కొడుకుగ నెంచుకొనుట మనవారికి క్రొత్త కాదు. మణలూరు రాజు చిత్రాంగదను అట్లే యెంచుకొనెను. కాని మన శాస్త్రకారుల దృష్టి యంతయు ఆమెకు పుట్టబోవు మనుమనిమీద. ఆమె దారి మాత్రమే. ఫ్రెంచి సేనాని యీ శాస్త్ర మెఱుగకయే యింకొక యడుగు ముందుకు వేసెను. అధికారమును మనుమనికై దాచక కూతుచేతికే యిచ్చెను.

ఆస్కారు స్త్రీయని కథలో నందఱెఱుగుదురు. ఇది గమనింపదగినది. రాణి యెఱుగును, సిపాయి లెఱుగుదురు, సభలోని పడుచులు ఎఱిగియే ఆమెను చూచి నిట్టూర్పులు విడుతురు. కావున ఆమె వేషము మోసము కాదు, రహస్యము కాదు; ఆమె ఉద్యోగపు దుస్తులు. రోజలిండునకును సఫైరునకును లేని స్వేచ్ఛ యిదియే. బయటపడుదునేమో యను భయముతో కథ నడువదు; భయము లేనిచోట వేఱు ప్రశ్నలకు తావు దొరకును.

కథలో నొకమాఱు, ఒకేయొకమాఱు, ఆస్కారు స్త్రీల గౌను ధరించును. స్వీడను దేశపు ఫెర్సెను ప్రభువుపై నామెకు ప్రేమ. అతడు రాణిని ప్రేమించెను. ఆస్కారును మిత్రునిగ మాత్రమే యెఱుగును. ఆ రాత్రి యామె జుట్టు ముడిచి, గౌను తొడిగి, విందులో అతనితో నాట్యమాడును. ఎవరో పరదేశపు వనిత యని సభవారు చెవులు కొఱుకుకొందురు. ఇంటికి వచ్చి ఆ గౌను విప్పి, మరల దాని జోలికి పోదు. ఈ ఘట్టమును మేము మూడుమాఱులు చూచితిమి. పుట్టుకచే స్త్రీయైనదానికి స్త్రీవస్త్రమే మాఱువేషమైనది! అలవాటైన సైనికవస్త్రమున నామెను అందఱు గుర్తింతురు. గౌనులో నెవ్వరు గుర్తింపలేరు. నిజమైన వేష మేది, వేసిన వేష మేది యను ప్రశ్నను ఉపన్యాసము లేకయే రచయిత్రి మనముందు పెట్టినది. సంస్కృతనాటకములలో వేషధారణము లెన్నియో చూచితిమి గాని యీ తలక్రిందులు చేయుట యెందును చూడలేదు.

ఈ కథలో చరిత్రకు చెందిన స్త్రీ రాణి, కల్పితురాలు ఆస్కారు. గౌనులో నున్నది చరిత్ర, సైనికవస్త్రములో నున్నది కల్పన. పాఠకురాండ్ర హృదయము కల్పనవైపే మ్రొగ్గినది. దీనివలన రాణికి అన్యాయము జరిగెనని కొందఱందురు. మేమంత యనము. రాణి దుస్తులును ఆమెవి కావని చరిత్ర యెఱిగినవారికి తెలియును. 1770లో పదునాలుగేండ్ల పిల్లగ ఆస్ట్రియానుండి వచ్చినప్పుడు, సరిహద్దున ఆమె పుట్టింటి బట్టలన్నియు విప్పించి ఫ్రాన్సు బట్టలు కట్టించిరి. 1783లో విజే లెబ్రున్ అను చిత్రకారిణి ఆమెను పలుచని తెల్లని నూలుగౌనులో చిత్రించగా, రాణి యింత సాదాగ కనబడుటయా యని గగ్గోలు పుట్టి, ఆ చిత్రమును ప్రదర్శననుండి తీసివేయవలసి వచ్చెను. పురుషవేషము వేసిన స్త్రీనే లోకము తప్పుపట్టునని యనుకొందుము. స్త్రీ తన యిచ్చవచ్చిన స్త్రీవేషము వేసికొన్నను తప్పే! ఇకెదా రాణిని మొదట చపలురాలగు పిల్లగ చూపి, చెఱలో తల్లిగ, 1793 అక్టోబరులో న్యాయస్థానమున తలయెత్తి నిలిచిన మనిషిగ పెంచిన తీరు మెచ్చదగినది. ఆస్కారు చనిపోయిన తరువాత గూడ కథ సాగి రాణి వధను చూపును.

దోషములు లేకపోలేదు. సేవకురాలి మనుమడు ఆండ్రే బాల్యమునుండి ఆస్కారు తోడునీడ. ఆమె యందు మూగప్రేమ గలవాడు. అతడొక రాత్రి ఆవేశమున ఆమెపై బలాత్కారమునకు పూనుకొని, చొక్కా చింపి, పిదప పశ్చాత్తాపపడును. ఖడ్గవిద్యలో నారితేరిన సేనానాయిక ఆ క్షణమున అబలవలె చిత్రింపబడినది. ఆ నేరమును కథ మిక్కిలి సులభముగ మఱచిపోయినది. తుదకు నాతనినే యామె భర్తగ వరించును. ఆడుదాని బలము గౌనులోను సైనికవస్త్రములోను గాక ఆమెలోనే యున్నదని చెప్పవచ్చిన కథ ఇచ్చట తడబడినదని మా యభిప్రాయము. పదునైదేండ్ల బాలికలు చదువు పుస్తకమున నిట్టి తడబాటును చూచి చూడనట్లు పోరాదు. ఐనను తరువాతి ఘట్టములందు రచయిత్రి తేరుకొన్నది. విప్లవము రానున్నదని భయపడి తండ్రి యామెకు పెండ్లి చేసి యింట కూర్చుండబెట్టజూచును. పెండ్లికొడుకుల నెన్నుటకై పెట్టిన విందునకు ఆమె సైనికవస్త్రముతోనే పోవును. తండ్రి తన్ను కొడుకుగ పెంచినందుకు నిందింపదు. విశాలలోకమును చూడనిచ్చినందుకు కృతజ్ఞత చెప్పును. 1789 జూలై 13న ప్రజలపక్షము చేరి, ప్రభుపదవిని పతకములను పాఱవైచి, మఱునాడు బాస్టీలు కోటముందు గుండుదెబ్బలకు కూలును. గౌను విప్పినది, పతకములు విప్పినది. విప్పుటయే యీ పాత్ర చేసిన పని.

మఱుసటి యేడు, 1974లో, తకరజుకా సమాజమువారు ఈ కథను రంగస్థల మెక్కించిరి. స్త్రీ పురుషపాత్రధారిణియై, పురుషవేషము ధరించిన స్త్రీగ నటించెను. ఈ చిక్కుముడిని విప్పుట మావల్ల గాదు, చూచినవారు అదృష్టవంతులు.

ఒక్క భాషావిషయము చెప్పి ముందుకు పోయెదము. జపానుభాషలో క్రియకు లింగము లేదు. కాని "నేను" అనుటకే పలుమాట లున్నవి: మగపిల్లలు "బొకు" అని, "ఒరె" అని యందురు, ఆడుపిల్లలు "అతాషి" యందురు, "వతాషి" యని యందఱు ననదగిన మాటయు నున్నది. వాక్యము ముగించు తీరునందును ఆడు మగ భేదము వినబడును. అనగా పాత్ర నోరు తెఱచి "నేను" అన్నంతనే వేష మేదో తెలియును. ఇంగ్లీషులోనికి వచ్చునప్పటికి ఈ భేదమంతయు నొకే యక్షరములో మునిగిపోవును. తెలుగులోనికి తెచ్చినచో నేమగును? "ఆస్కారు వచ్చెను" అన్నచో చిక్కులేదు. గ్రాంథికక్రియ ఆడు మగ యెఱుగదు. "వచ్చినాడు" అనవలెనా, "వచ్చినది" యనవలెనా యనగానే తగవు మొదలు. మన వ్యాకరణము స్త్రీని ఏకవచనమున అమహత్తులతో, అనగా చెట్టుతో గట్టుతో, చేర్చినది. బహువచనమున మాత్రము మనుష్యులలో కలిపినది. ఒంటరిగ నున్న స్త్రీకి దొరకని గౌరవము నలుగురు కూడినప్పుడు దొరకును! వ్యాకరణకర్త లిది యుద్దేశించి చేసిరని యనము. భాష నడచినదారిని సూత్రము నడచినది. కాని పాఠము చెప్పునప్పుడెల్ల మాకిది గొంతులో నడ్డుపడుచుండును.

ఈజిప్టు రాణి హత్షెప్సూతు విషయమున నీ లింగచర్చయే శిలలపై చెక్కబడియున్నది. క్రీస్తునకు పూర్వము 15వ శతాబ్దిలో ఆమె ఫారో యయ్యెను. శిల్పములలో ఫారోలు పెట్టుకొను కృత్రిమశ్మశ్రువు, పురుషవక్షము, పురుషవస్త్రము. శాసనములలో మాత్రము పలుచోట్ల స్త్రీలింగప్రత్యయములే నిలిచినవి. బొమ్మ మగది, మాట ఆడుది. చియే ఇనుదో యను రచయిత్రి యీమె కథను "నీలి హోరసు నేత్రము" అను చిత్రకథగ గీసి, పురుషవేషము దాల్చిన రాణికథ యని యుపశీర్షిక పెట్టినది. తమ్ముడికంటె సమర్థురాలైనను రాకుమారి భార్య కావలసినదే గాని రాజు కారాదన్న కట్టుబాటుతో కథ మొదలగును. ఇచ్చట గడ్డము సరదా కాదు, సింహాసనమునకు చెల్లించిన సుంకము. ఆమె మరణించిన కొన్నాళ్లకు వెనుకటివారు ఆమె పేరును బొమ్మలను చెక్కివేసిరి. సుంకము చెల్లించినను రసీదు దక్కలేదు.

జపాను చరిత్రములో స్త్రీపురుషసందేహమునకు గుఱియైన వీరుడు ఉయెసుగి కెన్షిను. 1530లో పుట్టి 1578లో మరణించిన యీ ఎచిగో దేశాధిపతి పెండ్లియాడలేదు. దీనిని మఱికొన్ని యానవాళ్లను పట్టుకొని, అతడు స్త్రీయేమో యని యొక రచయిత గతశతాబ్దిలో వాదించెను. చరిత్రకారులు దీని నంగీకరింపలేదు. అకికో హిగషిమురా యీ వాదమునే కథావస్తువుగ తీసికొని, 2015 మొదలు 2020 వఱకు "మంచుపూల పులి" యను చిత్రకథ వ్రాసినది. కొడుకు కావలెనని తపించిన తండ్రికి కూతురు పుట్టును. ఆమెను పులిపేరుతో మగపిల్లవానివలె పెంచును. కథనము హాస్యముతో పరుగెత్తును. మాకొక యాక్షేపణ కలదు. గొప్ప వీరుని చూచి "అతడు స్త్రీయై యుండెను" అనుట వినుటకింపుగ నున్నను, స్త్రీలకు స్వంతచరిత్ర లేనట్లు పురుషచరిత్రనే అప్పు తెచ్చుకొనుట కాదా? "హెయికె" కథలోని తొమొయె గోజెను స్త్రీగనే యుద్ధము చేసినది గదా! ఐనను అప్పు తెచ్చిన సొమ్ముతో మంచియిల్లు కట్టినవారిని చూచి మెచ్చకుండ నుండలేము.

ఇన్నిటిలో మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది ఫుమి యొషినాగా వ్రాసిన "ఓఒకు". 2004 మొదలు 2020 వఱకు వెలువడి 19 సంపుటములైనది. ఓఒకు అనగా షోగను అంతఃపురము. తొకుగావా వంశమున 15 మంది షోగనులు 1603 మొదలు 1867 వఱకు జపాను నేలిరి, అందఱు పురుషులే, వారి అంతఃపురమున వందలకొలది స్త్రీలు. రచయిత్రి యొకే యొక కల్పన చేసినది. ఎఱ్ఱని పొక్కుల అంటురోగమొకటి యువకులనే యెంచి చంపుటచే, పురుషుల సంఖ్య స్త్రీలలో నాలుగవవంతునకు పడిపోయినది. అంతట దున్నువారు, మోయువారు, అమ్మువారు, ఏలువారు స్త్రీలే. షోగను స్త్రీ, అంతఃపురమున పురుషులు. తక్కిన చరిత్ర, పేర్లు, తేదులు, కఱవులు, చట్టములు, ఉన్నవున్నట్లే నడచును.

మూడవ షోగను ఇయెమిత్సు రోగమున చనిపోగా, కసుగా యను దాది ఆ వార్తను దాచి, అతని రహస్యపుత్రికను తెచ్చి, జుట్టు కత్తిరించి, మగబట్టలు కట్టి, తండ్రిపేరే పెట్టి కూర్చుండబెట్టును. ఇచ్చట మగవేషము స్వేచ్ఛ కాదు, చెఱ. ఆ పిల్ల యేడ్పు కసిగ మాఱి, తన చుట్టునున్న మగవారికి ఆడుబట్టలు కట్టించి ఆడించును. వారిలో నొకడు, బలవంతముగ సన్న్యాసము విడిపింపబడిన అరికోతో, తనపై కప్పిన ఆ స్త్రీవస్త్రమును తీసి యామె భుజములపై కప్పి, ఇది నీకే తగునను భావము తెలుపును. ఎవరో తీసివేసిన దానిని మఱియొకరు మెల్లగ తిరిగియిచ్చుట. పిదప నామె కొలువుదీర్చి తాను స్త్రీనేయని చాటి, స్త్రీగనే రాజ్య మేలును. "వెర్సాయి గులాబి"లో గౌను విప్పుట విడుదల. ఇందులో వస్త్రము కట్టుకొనుట విడుదల. వస్త్రములో నేమియు లేదు. ఎవరు కట్టిరి, ఎవరు విప్పిరి యనుటలోనే యున్నది.

అటుపిమ్మట స్త్రీ షోగనులు నిండుగ స్త్రీవస్త్రములు ధరించి కొలువుండెదరు. పేరు మాత్రము దస్తరములలో పురుషునిదే. ఎనిమిదవ షోగను యొషిమునే, నూలుబట్టలు కట్టి మితవ్యయము బోధించు గట్టిమనిషి, అంతఃపురమునకు వచ్చి అందగాండ్రను ఏబదిమందిని పిలిపించి ఉద్యోగమునుండి తొలగించును; అందగాండ్రకు పెండ్లి సంబంధములు సులభముగ దొరకునని యామె లెక్క. (చరిత్రలోని యొషిమునే అందకత్తెలను ఇట్లే పంపివేసెనని చెప్పుదురు.) ఆమెకే సందేహము పుట్టును: స్త్రీలమైన మాకు పురుషనామము లేల? వృద్ధలేఖకు నడిగి పాత దినచర్యగ్రంథము తెప్పించి చదువుటతో అసలుకథ మొదలగును. పాలించువారే తమ పేరు తమదేల కాదని యడుగుట! హిరగా గెన్నై యను పండితుని పాత్రను గూడ, దారి నడచుటకు పని చేయుటకు వీలుగ మగబట్టలు కట్టిన స్త్రీగ చిత్రించినది.

ముగింపు కఠినము. రోగమునకు విరుగుడు కనుగొనబడి, పురుషులు మరల పెరిగి, రాజ్యము వారి చేతికి పోవును. విదేశీయులముందు చిన్నతన మని స్త్రీల పాలనము దస్తరములనుండి తుడిచివేయబడును. పురుషనామము లుండనే యున్నవి గనుక పని సులభము. అందుచే మనము చదువు చరిత్రపుస్తకములలో 15 మందియు పురుషులే యని రచయిత్రి కొంటెగ నవ్వినట్లుండును. కడపటి ఘట్టము 1871లో అమెరికాకు పోవు ఓడమీద. ఆ ప్రయాణములో ఆఱేండ్ల త్సుదా ఉమెకో నిజముగ నుండెను. ఆమెయే 1900లో స్త్రీల ఇంగ్లీషు విద్యాలయము స్థాపించినది. 2024 నుండి ఐదువేల యెన్నుల నోటుపై నున్నది ఆమె ముఖమే. కథలో నొక పెద్దమనిషి ఆ చిన్నపిల్లకు, ఈ దేశమును ఒకప్పుడు స్త్రీలేలిరని రహస్యముగ చెప్పును.

ఇంకొక తెగ చిత్రకథలును గలవు. "ఇక్కీ తోసెన్" అనునది 2000లో మొదలైనది. చీనాదేశపు త్రిరాజ్యకథలోని వీరుల పేర్లను పాఠశాల బాలికలకు పెట్టి, వారు పోరాడుచుండ బట్టలు చినుగునట్లు గీసినది. ఇందు వీరుని స్త్రీగ మార్చుట గౌరవించుటకు కాదు, చూచువాని కన్నులకు విందు చేయుటకు. దీనిగుఱించి యింతకన్న సిరా ఖర్చుచేయము.

"కల్పనలు చరిత్రను చెఱచును గదా" యని యొక మిత్రుడనెను. చరిత్రయే యీ విషయమున కల్పనను మించినది. జేన్ ద ఆర్కు మగబట్టలు కట్టుటను 1431 నాటి విచారణలో నేరములలో నొకటిగ చేర్చిరి. చెఱలో స్త్రీవస్త్రము కట్టి, మరల మగవస్త్రము కట్టినందుకే తప్పు మరల చేసినదని తేల్చి కాల్చిరి. యొషికాజు యసుహికో 1995లో ఆమెపై చిత్రకథ మొదలుపెట్టి, జేన్ చనిపోయిన దాదాపు పదేండ్లకు, మగవానిగ పెంచబడిన ఎమిలు అను పడుచు ఆమె యడుగుజాడల వెదకుచు పోవునట్లు వ్రాసెను. ఓరుగల్లు నేలిన రుద్రమను శాసనములు రుద్రదేవమహారాజని పురుషనామముతో పేర్కొన్నవి. మన నవలలును చలనచిత్రములును ఆ పేరుచుట్టు మగవేషపు కథలల్లినవి. ఆమె పరిపాలన స్త్రీపరిపాలన మని మార్కోపోలో వ్రాసెను. అనగా సముద్రము దాటి వచ్చినవానికి గూడ ఆమె స్త్రీయని తెలిసినది. మా కాటుకపుల్లకే తెలియలేదు.

పుస్తకము తిరిగి యిచ్చునప్పుడు ఆ బాలికతో, "తప్పు చేశానమ్మా, మీసం పెట్టకుండా ఉండాల్సింది, ఈసారి పట్టుచీర కట్టిద్దాం" అంటిమి. ఆమె నవ్వి, "చీరెందుకు మాస్టారూ? ఆ కోటు, ఆ బూట్లు నాకు చాలా నచ్చాయి. మీసమే దురద పెట్టింది" అనెను. మేము జవాబునకై వెదకుచుండగనే గంట మ్రోగెను. ఆమె తరగతికి పోయెను. రెండవ సంపుటము నింకొక పిల్ల తీసికొనిపోయినదట; మావంతు వచ్చుటకు దసరా దాటునని చెప్పిరి.